గద్ద బొమ్మ ఉన్న రోమన్ కంచు ఉంగరం నాన్నగారికి కొనొచ్చా?

మీరు లీడ్స్‌లో చదువుకుంటున్నారు, ఆన్‌లైన్‌లో గద్ద బొమ్మ చెక్కిన "రోమన్ సైనికుడి కంచు ఉంగరం" 85 పౌండ్లకి కనిపించింది, అమ్మేవాళ్లు సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు. పాత నాణేలు సేకరించే నాన్నగారికి షష్టిపూర్తికి ఇద్దామనుకుంటున్నారు. అది అసలుదేనా, ఆయన రోజూ వేలికి పెట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ ఉంగరం వద్దు. రోజూ పెట్టుకోవడానికైతే ఏ పాత కంచు ఉంగరమూ వద్దు.

నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్లుగా చిన్న చిన్న రోమన్ వస్తువులు కొంటున్నాను. వాటిలో కంచు ఉంగరాలు అంత అరుదేమీ కాదు. రోమన్ సామ్రాజ్యం తొలి రోజుల్లో బంగారు ఉంగరం పెట్టుకునే హక్కు సెనేటర్లకీ, వాళ్ల తర్వాతి స్థాయి సంపన్న వర్గానికీ మాత్రమే ఉండేది. మిగతా జనానికి ఇనుము, కంచు. ఇనుప ఉంగరాలు చాలావరకు మట్టిలో తుప్పు పట్టి పోయాయి, కంచువి మిగిలాయి. అందుకే ఏ బొమ్మా లేని సాదా ఉంగరం ఇక్కడ 20 నుంచి 50 పౌండ్లలో దొరుకుతుంది. దాన్ని నకిలీ చేసేవాడికి పెద్దగా మిగిలేది ఏమీ ఉండదు. అదే సాదా ఉంగరం మీద గద్దనో, సైనిక దళం నంబరో, తొలి క్రైస్తవుల గుర్తో గీకితే రేటు అమాంతం పెరుగుతుంది. కాబట్టి ఉంగరం నిజంగా పాతదే అయినా, బొమ్మ మాత్రం మొన్నమొన్న చెక్కింది అయి ఉండొచ్చు. సంతల్లో నేను చేతిలోకి తీసుకుని చూసిన "సైనికుడి ఉంగరాల్లో" ఎక్కువ ఈ బాపతే.

భూతద్దంతో ఆ గీతల లోపలికి చూడండి. పాత గీత అయితే అంచులు అరిగి మొద్దుబారి ఉంటాయి, చుట్టూ ఉన్న చిలుమే గీత అడుగున కూడా ఉంటుంది. కొత్త గీత చిలుమును కోసుకుంటూ పోతుంది. అడుగున లోహం మెరుస్తుంది, లేదా మెరవకుండా ఏదో రంగు నింపి ఉంటారు. అసలు చిలుము పొరలుగా ఏర్పడుతుంది: లోహాన్ని ఆనుకుని ఎర్రటి గోధుమ రంగు, దాని మీద గట్టి ఆకుపచ్చ. పూసిన రంగయితే అసిటోన్‌లో ముంచిన దూదికి అంటుకునే అవకాశం ఎక్కువ. లోపలి కొలత కూడా అడగండి. పదిహేను, పదహారు మిల్లీమీటర్లున్న ఉంగరాన్ని సైనికుడిదంటే నేను నమ్మను. ఏ స్త్రీదో, పిల్లలదో అయి ఉంటుంది. కానీ "పిల్ల ఉంగరం" అని రాస్తే ఎవరు కొంటారు?

ల్యాబ్‌లో ఎక్స్‌రే పరీక్ష చేయిస్తే లోహంలో ఏమేం కలిశాయో తెలుస్తుంది గానీ, వయసు తెలియదు. జింకు ముప్పై శాతం దాటితే మాత్రం అనుమానించాలి. రోమన్లు ఇత్తడి చేసిన పద్ధతిలో రాగిలోకి అంత జింకు ఎక్కదు.

ఇక సర్టిఫికెట్. అమ్మేవాడే ప్రింట్ తీసి, అమ్మేవాడే సంతకం పెట్టిన కాగితానికి ఏం విలువ? నేను చూసేది ఉంగరం ఏ ఊళ్లో దొరికింది, ఆ సంగతి ఎవరైనా నమోదు చేశారా అని. ఇంగ్లండ్, వేల్స్‌లో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనేది 1997లో మొదలైంది. మెటల్ డిటెక్టర్ వాళ్లు పొలాల్లో దొరికినవి తెచ్చి చూపిస్తే, ఫోటో తీసి, కొలతలు, దొరికిన చోటు రాసి ఒక నంబర్ ఇస్తారు. లింకన్‌షైర్‌దైతే ఆ నంబర్ చాలావరకు ఎల్ఐఎన్ అక్షరాలతో మొదలవుతుంది. వాళ్ల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితం. నంబర్ కొట్టి, ఫోటోలో ఉన్న గాట్లు, విరుపులు చేతిలోని ఉంగరంతో సరిపోల్చుకోవచ్చు. నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఇలా నమోదైనదే. అది తాళంచెవి ఉంగరం. చుట్టుకి చిన్న తాళంచెవి అతికినట్టు ఉంటుంది, నగల పెట్టెలాంటి చిన్న పెట్టెల తాళం తీయడానికి. మన అమ్మమ్మలు తాళాల గుత్తి బొడ్లో దోపుకున్నట్టు, వాళ్లు వేలికే తొడుక్కునేవాళ్లు. గద్ద బొమ్మకన్నా నాన్నగారికి ఇదే నచ్చుతుందని నా అంచనా.

"పాత యూరోపియన్ కలెక్షన్ నుంచి" అని మాత్రమే రాసి, ఎవరిది, ఏ సంవత్సరం అని లేకపోతే వదిలేయండి. బల్గేరియా, సెర్బియా వైపు దొంగతవ్వకాల్లో బయటపడ్డ సరుకు ఇలాంటి మాటల వెనకే మార్కెట్లోకి వస్తుంది.

పెట్టుకోవడం ఎందుకు వద్దన్నానంటే, చెమటలో ఉప్పు ఉంటుంది. క్లోరైడు, తేమ కలిస్తే కంచు లోపలి నుంచి తినేసుకుంటూ పోతుంది, పైన లేత ఆకుపచ్చ పొడి లేస్తుంది. గోటితో గీరితే రాలే పొడి కనబడితే ఆ ఉంగరానికి జబ్బు పట్టినట్టే. గట్టిగా నున్నగా ఉన్న చిలుముతో భయం లేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. మీ ఊరు సముద్రం పక్కనయితే ఇంకా జాగ్రత్త. ఇంట్లో అందరికీ ఒక మాట ముందే చెప్పండి: చింతపండు, పీతాంబరి దాని దగ్గరికి రాకూడదు. ఇత్తడి చెంబులా తళతళా తోమారంటే చిలుముతో పాటు దాని మీది పనితనమూ పోతుంది, కొనేవాడూ ఉండడు.

మీకు ముఖ్యమైన చిక్కు ఇంకోటి ఉంది. బ్రిటన్ మట్టిలో దొరికిన, యాభై ఏళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించాలంటే, ధర ఎంత తక్కువైనా ఎగుమతి లైసెన్స్ కావాలి. దరఖాస్తు ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థకి పెట్టాలి. సూట్‌కేసులో పడేసుకుని హైదరాబాద్‌లో దిగేద్దామంటే కుదరదు. అటు వెళ్లాక తిరిగి తేవడం కూడా కష్టమే. మన 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు ఇండియా బయటికి పంపకూడదు. కాబట్టి నచ్చకపోతే వెనక్కి తెచ్చి ఇక్కడ అమ్మేద్దాం అనే లెక్క వేసుకోకండి.

షష్టిపూర్తి ఎప్పుడో మీరు రాయలేదు. టైమ్ ఉంటే ఆ స్కీమ్‌లో నమోదై నంబర్ ఉన్న ఉంగరమే కొని, ఈ వారమే లైసెన్స్‌కి పెట్టండి. టైమ్ లేకపోతే ఆ రోజుకి ఉంగరం ఫోటో, డేటాబేస్ పేజీ ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించి ఇవ్వండి, లైసెన్స్ వచ్చాక ఉంగరం పట్టుకెళ్లొచ్చు.