ముసలాయన చేతికి తుపాకీ ఇచ్చేముందు

అల్లుడూ,

నీ కథ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చదివాను. ఇంటర్వెల్ బాగా కుదిరింది, కూతురి సీన్ దగ్గర కళ్లు చెమర్చాయి. కానీ హీరో అరవై ఐదేళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారని మొదటి పేజీలో రాశావు కదరా, నలభయ్యో పేజీకొచ్చేసరికి ఆ వయసంతా ఎటు పోయింది? ఆరుగుర్ని ఉతికి ఆరేస్తాడు, ఆయాసం కూడా రాదు. ఆ మాత్రానికి పాతికేళ్ల కుర్రాడు చాలడా?

ముందు మైఖేల్ కేన్ 'హ్యారీ బ్రౌన్' చూడు. 2009లో వచ్చింది, అప్పటికి ఆయనకి 76 ఏళ్లు. ఒకప్పుడు సైన్యంలో చేసిన మనిషే, కానీ ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బు. కాలవ గట్టున ఒక కుర్రాణ్ని తరుముతూ తరుముతూ ఊపిరాడక అక్కడే కూలిపోతాడు, వాడు తప్పించుకుంటాడు. అక్కణ్ణుంచి ఆయన తుపాకీ తీసిన ప్రతిసారీ టెన్షన్ మనకి. ఆ టెన్షన్ ఏ ఫైట్ మాస్టరూ తేలేడు, ఆ వయసే తేవాలి.

ఈ రకం సినిమాలన్నిటికీ దారి వేసిన 'డెత్ విష్' (1974) కూడా చూడు. చార్లెస్ బ్రాన్సన్‌కి అప్పుడు 52. అందులో ఆయన ఆర్కిటెక్ట్, యుద్ధానికి వెళ్లినా తుపాకీ పట్టనని వైద్య దళంలో చేసినవాడు. మొదట మేజోడులో చిల్లర నాణేలు వేసుకుని ఒక దొంగని కొడతాడు, అంతే. తర్వాత మొదటిసారి మనిషిని కాల్చి, ఇంటికొచ్చి వాంతి చేసుకుంటాడు. భార్యని చంపినవాళ్లు ఆఖరికీ దొరకరు. అదే 1985లో మూడో భాగానికి వచ్చేసరికి మెషిన్ గన్, రాకెట్ లాంచర్! హీరోకి అరవై దాటాయి, వాంతి మాత్రం మాయమైంది. నీ నలభయ్యో పేజీలో జరిగింది సరిగ్గా ఇదే.

ఎడిటింగ్‌లో దాచేద్దాంలే అనుకోకు. 'టేకెన్' మూడో భాగంలో అరవై దాటిన హీరో లియామ్ నీసన్ ఒక్క కంచె దూకడానికి పదికి పైగా కట్‌లు వేశారు, జనం ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

నేను కో-డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద నటుడు షాట్ కోసం నేలమీంచి లేవాలి. రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించి, ఒక క్షణం ఆగి, పళ్లు బిగించి లేచారు. సెట్టంతా నిశ్శబ్దం. మానిటర్ దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. హీరోయిజం తగ్గిందని దర్శకుడు రెండో టేక్‌లో డూప్‌ని పెట్టించాడు, సినిమాలో అదే ఉంది. నేను గట్టిగా అడ్డుపడాల్సింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే చెప్తున్నా, ఆ ఆరుగురి ఫైట్ తీసెయ్. ఒక్కణ్ని పెట్టు, అదీ మాస్టారికి బాగా తెలిసిన చోట, వాళ్లింటి మెట్లమీదో కరెంటు పోయిన పాత స్కూల్లోనో. 'భారతీయుడు'లో సేనాపతికి శంకర్ మర్మకళ, అంటే ఆయువుపట్టుల మీద దెబ్బ కొట్టే విద్య, ఇచ్చాడు చూడు, రెండు వేళ్లు చాలు, కండలక్కర్లేదు. నీ మాస్టారికి లెక్కలొచ్చు, ముప్ఫై ఏళ్లుగా ఆ ఊరి పిల్లలందరి ముఖాలూ గుర్తున్నాయి, దాన్ని వాడు. కొట్టిన మర్నాడు పొద్దున ఆయన చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయే సీన్ ఒకటి తప్పకుండా రాయి. ఆ ఒక్కడూ ఆయన దగ్గర చదువుకున్నవాడే అయితే మాస్టారు ఏం చేస్తాడో కూడా ఆలోచించు, నాకైతే కథ అక్కడే ఉందనిపిస్తోంది.

ఆదివారం ఇంటికి రా, అత్తయ్య నిన్ను భోజనానికి రమ్మంది. నలభయ్యో పేజీ నుంచి ఇద్దరం కలిసి కూర్చుందాం.

మీ మావయ్య