వాన కొలిచే పిల్లాడు, నిద్రపట్టని అమ్మ

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు నిండాయి. తొమ్మిదో ఏట బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. టైమ్‌టేబుల్ అంటూ లేదు. వాడు లేచినప్పుడే మాకు పొద్దు. ఒక్కోసారి ఒకే విషయం పట్టుకుని మూడు వారాలు వదలడు, ఆ మూడు వారాలూ లెక్కల పుస్తకం ముట్టడు. మధ్యాహ్నాలు నాతో లైబ్రరీకి వస్తాడు, వానాకాలమంతా వాన కొలుస్తూ కూర్చుంటాడు. మొన్నటిదాకా గర్వంగానే ఉండేది. వాడితో చదివిన పిల్లలు ఎంట్రన్స్ కోచింగ్‌లో చేరుతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇప్పుడు బడిలో వేయాలా, ఓపెన్ స్కూల్లో కట్టించాలా, లేక అంతర్జాతీయ బోర్డు పరీక్షలు ప్రైవేటుగా రాయించాలా? మూడింటినీ పోల్చి చెప్పండి. ఇంట్లో చదివిన పిల్లలకే మార్కులు ఎక్కువని ఒక సర్వేలో చదివాం. నిజమేనా? (ఒక తల్లి)

జవాబు: పోల్చి చెబుతాను, కాస్త ఆగండి.

ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఊరు మారుతుంది, చేతిరాత మారుతుంది, పిల్లల వయసు మాత్రం ఎప్పుడూ 12కీ 14కీ మధ్యే. తొమ్మిదేళ్ల పిల్లాడి తల్లి నాకు ఇలా రాయడం ఇంతవరకు చూడలేదు. అప్పుడు అంతా సరదాగానే ఉంటుంది. ఈడు పిల్లలు కోచింగ్ సంచి భుజాన వేసుకున్న రోజున భయం మొదలవుతుంది, ఆ భయానికి బోర్డుల పోలిక అని పేరు పెట్టి నాకు పంపుతారు. మీ ఉత్తరం కింద ఉన్న ప్రశ్న నాకు ఇలా వినబడుతోంది: ఇప్పుడు బడిలో వేస్తే ఈ నాలుగేళ్లూ తప్పు చేశామని ఒప్పుకున్నట్టే కదా, వేయకపోతే వాడి భవిష్యత్తు నా చేతుల మీదుగా పాడైపోతుందేమో. దీనికి ఏ బోర్డు దగ్గరా జవాబు లేదమ్మా.

కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. పదమూడో ఏట బడికి తిరిగి వెళ్లిన పిల్లల్ని చాలామందిని చూశాను. మొదటి రెండు మూడు నెలలు గంట కొట్టగానే పుస్తకం మూసేయాలంటే చిరాకు పడతారు. తర్వాత అలవాటైపోతారు. వాళ్లలో ఎవరూ 'మా అమ్మ నాలుగేళ్లు పాడుచేసింది' అని నాతో అనలేదు. పొద్దున్నే పరుగు లేకుండా పెరిగిన నాలుగేళ్లు బడికి వెళ్తే చెరిగిపోవు. వెళ్లకపోయినా కొంపలేమీ మునగవు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి, ఇంకో ఏడాది దాకా తెరిచే ఉంటాయి.

ఇక మీవాడి సంగతి. ఉత్తరంతో పాటు వాడి నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపారు, పక్కన 'వీడి పిచ్చి చూడండి' అని రాశారు. చూశాను. ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ ముక్కనే గరాటులా తిరగేసి పెట్టాడు. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక కొంత నీళ్లు ముందే పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత పెట్టుకున్నాడు. ఈ ఉపాయం వాడికి ఎవరో చెప్పారో, తనే కనిపెట్టాడో మీరు రాయలేదు. పేజీలో రోజుకో వరుస. మధ్యలో నాలుగు రోజులకి అంకె లేదు, 'చూడలేదు' అని ఉంది. ఐదో రోజు అంకె పక్కన చిన్న అక్షరాలతో 'మొత్తం 5 రోజులది' అని ఉంది.

ఆ 'చూడలేదు' దగ్గర నేను ఆగిపోయాను. ఆ నాలుగు గళ్లలో సున్నాలు వేస్తే ఎవరూ పట్టుకునేవారు కాదు. సున్నా వేరు, చూడకపోవడం వేరు అన్న తేడా కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసే పిల్లల్లో కూడా అందరికీ ఉండదు. పక్కవాడి రీడింగులు దించేసేవాళ్లను ఎంతమందిని చూశానో. మీ పిల్లాడికి ఈ బుద్ధి ఏ టైమ్‌టేబుల్ వల్లా రాలేదు, చేతిలో బోలెడంత తీరిక ఉండటం వల్ల వచ్చింది. దాన్ని మీరు పిచ్చి అని రాశారు! కోచింగ్‌లో చేరిన పిల్లల గురించి పేజీన్నర, దీని గురించి ఒక్క ముక్క. కోపం రాలేదని అబద్ధం చెప్పను.

అలాగని వాన కొలిస్తే బీజగణితం వచ్చేస్తుందని నేను అనను. ఇక్కడే మీతో నాకు పేచీ. చరిత్ర, జీవశాస్త్రం, భూగోళం వంటివి మూడు వారాలు ఏకబిగిన చదివి మూడు నెలలు వదిలేసినా తర్వాత అందుకోవచ్చు. లెక్కలు అలా కుదరవు, అది మెట్ల మీద మెట్టు. భిన్నాలు గట్టిగా రాకుండా బీజగణితం రాదు, అది రాకుండా భౌతికశాస్త్రం నోరు తెరవదు. విడతలు విడతలుగా నేర్చింది ఒక్కసారి కుక్కినదానికంటే ఎక్కువ నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. రోజుకి 40 నిమిషాలు లెక్కలు, ఒక పేజీ సొంతంగా రాయడం. ఈ రెండూ పండగైనా ప్రయాణమైనా ఆగకూడదు. పొద్దున చేస్తాడో రాత్రి చేస్తాడో వాడిష్టం. మిగతా రోజంతా వాడిదే, నేను వేలు పెట్టను. పనిలో పనిగా వాడికి ఒక ప్రశ్న ఇవ్వండి: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది లీటరు నీళ్లు, మరి మన ఇంటి కప్పు మీద ఈ ఏడు ఎన్ని లీటర్లు పడ్డాయి? లెక్కల పుస్తకం వాడంతట వాడే తెరుస్తాడు.

మీరు చదివిన సర్వే సంగతి. అది 1999లో లారెన్స్ రడ్నర్ అమెరికాలో చేసిందే అయి ఉంటుంది, అందరూ చూపించేది దాన్నే. 20,760 మంది పిల్లల మార్కులు, సగటు చాలా బాగున్నమాట నిజం. అయితే ఆ పిల్లలంతా ఒకే సంస్థ దగ్గర పరీక్ష రాయించడానికి తల్లిదండ్రులు తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు, వాళ్ల ఇళ్లలో చదువూ ఆదాయమూ సగటు కంటే ఎక్కువ. దీన్ని పట్టుకుని ఇంటి చదువే బడి చదువు కంటే మేలని అనుకోవద్దని రడ్నరే హెచ్చరించాడు. ఆ వాక్యాన్ని మాత్రం ఎవరూ చూపించరు. 2011లో కెనడాలో శాండ్రా మార్టిన్-ఛాంగ్ బృందం 37 మంది ఇంట్లో చదివే పిల్లల్ని, 37 మంది బడి పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఇంట్లోనే ఒక క్రమంలో చదివినవాళ్లు బడి పిల్లల కంటే ముందున్నారు. ఏ క్రమమూ లేకుండా వదిలేసిన 12 మంది వెనకబడ్డారు. పన్నెండు మందిని చూసి లోకమంతటికీ తీర్పు చెప్పలేం, అదీ పదేళ్లలోపు పిల్లలు. అయినా నా గదిలోకి వచ్చే పిల్లల్లో నేను చూసేది దీనికి దగ్గరగానే ఉంది.

ఇప్పుడు ఫ్యాషన్‌గా వినబడుతున్న మాట అన్‌స్కూలింగ్, అంటే బడీ పాఠ్యక్రమమూ లేకుండా పిల్లాడి ఆసక్తి ఎటు పోతే అటే చదువు. నాకు దీని మీద సందేహాలున్నాయి, దాచుకోను. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన జాన్ హోల్ట్ ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పినవాడు, 1977లో ఇంటి చదువుల కోసమే ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఆయన కోరింది పిల్లల్ని పెద్దల నిజమైన పనుల్లోకి, ఊళ్లోకి, మనుషుల్లోకి రానివ్వమని. మనవాళ్లు అందులో సగం తీసుకున్నారు. బడి మాన్పించడం వరకు బాగానే చేస్తారు, పెద్దల పనుల్లోకి రానివ్వడం దగ్గర ఆగిపోతారు. తండ్రి ఆఫీసు తలుపు వేసుకుంటాడు, తల్లి ఫోన్‌లో ఉంటుంది, పిల్లాడు పక్క గదిలో 'తన ఆసక్తిని అనుసరిస్తూ' ఉంటాడు. ఆ ఆసక్తి సాధారణంగా తెరకే అతుక్కుపోయి ఉంటుంది. దానికి ఇంగ్లీషు పేరు తగిలిస్తే విద్యావిధానం అయిపోదు.

ఎడిసన్ కూడా బడికి వెళ్లలేదు కదా అంటారు. ఎడిసన్‌కి చదువు చెప్పిన తల్లి అంతకుముందు టీచరు, ఆ సంగతి ఎవరూ అనరు. ఎరిక్ డెమెయిన్ అని ఒక గణిత శాస్త్రవేత్త ఉన్నాడు. చిన్నప్పుడు తండ్రితో ఊళ్లు తిరుగుతూ చదువుకున్నాడు, 12వ ఏట యూనివర్సిటీలో చేరాడు, 20వ ఏట అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ కథలో నాకు నచ్చేది తండ్రి. ఆరేళ్ల కొడుకుతో కలిసి పజిల్స్ తయారుచేసే చిన్న వ్యాపారం పెట్టిన కళాకారుడు ఆయన, ఇప్పటికీ ఇద్దరూ కలిసి పరిశోధన పత్రాలు రాస్తారు. రెండో వైపు ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఉన్నాడు. తండ్రి మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్ మొదలుపెట్టించాడు, తోటి పిల్లలతో కలవనివ్వలేదు. 1826లో, ఇరవయ్యో ఏట, మిల్ మనసు కుప్పకూలింది. ఇద్దరివీ ఇంటి చదువులే. తేడా మాత్రం మీరు చూసుకోవాలి.

మీలో నేను చూసిన లోపం ఒకటి చెబుతాను, నొచ్చుకోకండి. ఈ నాలుగేళ్లలో వాడి పనిని మీరు కాకుండా ఇంకెవరైనా దిద్దారా? పాఠం చెప్పేది మీరే, పరీక్ష పెట్టేది మీరే, చప్పట్లు కొట్టేది మీరే. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. 16 ఏళ్లు, పూర్తిగా ఇంటి చదువు, మాట్లాడితే ముచ్చటేసింది. మూడు గంటల పాత ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చి పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాను. మొదటి ప్రశ్నకి బొమ్మ వేసి, బొమ్మకి రంగు పెన్సిల్ కూడా దిద్దింది. గంటంబావు గడిచాక తల ఎత్తి, 'రెండు అయ్యాయి, మిగతావి రేపు రాయనా?' అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగింది. ఇంట్లో ఏ పనికీ ఎప్పుడూ గడువు లేదు. ఆ రెండు జవాబులూ ఎంత బాగున్నాయో ఇప్పటికీ గుర్తు, ఆ పేపర్లో పాసు మార్కులు రాలేదన్నదీ గుర్తే. ఆమెకి తెలివి తక్కువై కాదు, గడియారంతో పరిచయం లేక. ఆరు నెలల్లో సర్దుకుంది. ఆ ఆరు నెలలూ ఇంటిల్లిపాదీ పడ్డ కంగారు మాత్రం అనవసరం, 14వ ఏట నుంచి నెలకో పేపరు రాయించి ఉంటే సరిపోయేది.

సరే, మీరు అడిగిన పోలిక. మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు. జర్మనీ అయితే ఈ ఉత్తరమే రాసి ఉండేవారు కాదు, అక్కడ బడికి పంపడం తప్పనిసరి. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, నియమాలు రాష్ట్రానికో తీరు. మీ దగ్గర నియమం ఏమిటో ముందు కనుక్కోండి.

బడి అంటారా, వేసేట్టయితే ఎనిమిదో తరగతి చివర్లోనో తొమ్మిది మొదట్లోనో వేయండి. చాలా బోర్డులు పది పరీక్ష రాసే పిల్లల పేర్లు తొమ్మిదిలోనే నమోదు చేస్తాయి, ఆ గడువు దాటితే బడివాళ్లు చేతులెత్తేస్తారు. ఓపెన్ స్కూల్ మీ జీవనానికి బాగా అతుకుతుంది. భారత్‌లో జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) పది పరీక్షకి 14 ఏళ్లు నిండాలి, సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవడానికి ఐదేళ్ల గడువిస్తుంది. ఆ ఐదేళ్లే ప్రమాదం కూడా. వాయిదా అలవాటున్న ఇంట్లో మొదటి రెండేళ్లు చూస్తుండగానే కరిగిపోతాయి. అంతర్జాతీయ బోర్డు ప్రైవేటుగా రాయిస్తే ఖర్చెక్కువ. కేంబ్రిడ్జి బోర్డు వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈలో సైన్స్ ప్రాక్టికల్‌కి బదులు రాత పేపరు ఎంచుకోవచ్చు, పన్నెండో తరగతి స్థాయి ఏ-లెవెల్‌కి వచ్చేసరికి మాత్రం ల్యాబ్‌లో చేసి చూపించాలి. బయటి పిల్లల్ని ల్యాబ్‌లోకి రానిచ్చే పరీక్షా కేంద్రం ముందే దొరకాలి. మీవాడు సైన్స్ వైపు వెళ్లేలా ఉన్నాడు కనుక ఏ దారిలోనైనా మొదటి ప్రశ్న ఇదే కావాలి: ల్యాబ్ ఎక్కడ? విదేశీ యూనివర్సిటీల బెంగ ఇప్పుడే వద్దు. ఎంఐటీ లాంటి చోట కూడా ఇంట్లో చదివినవాళ్లను తీసుకుంటారు, హైస్కూల్ డిప్లొమా కావాలని పట్టుబట్టరు. వాళ్లు అడిగేది ఏం చదివాడు, ఏం చేశాడు, బయటివాళ్లు ఏమన్నారు. అందుకే ఆ వాన నోట్‌బుక్ పారేయకండి.

నా ఓటు? ఈ ఏడాదికి దేనికీ లేదు. లెక్కలు, రోజుకో పేజీ, నెలకో మూడు గంటల పేపరు, దాన్ని దిద్దడానికి మీ ఇంటి మనిషి కాని ఒక టీచరు. ఏడాది తిరిగేసరికి బడా, ఓపెన్ స్కూలా అన్నది వాడే చెబుతాడు. మీ ఉత్తరంలో వాడి మాట ఒక్కటీ లేదు, గమనించారా? మీరు నిద్ర మానేసింది వాడికి తెలియకుండా ఉంటుందా?

ఈలోగా వాడికి నా తరఫున ఒక పని. ఆ 'చూడలేదు' రోజుల వానని రోజుకింత అని పంచవచ్చా, పంచితే ఏ లెక్కన, పంచకూడదంటే ఎందుకు? ఒక పేజీలో రాసి పంపమనండి. అక్షర దోషాలున్నా సరే, మీరు మాత్రం దిద్దకండి.