వెనక్కి తీసుకున్న పరిశోధన పేపరు ఇంకా ఎందుకుంది?

ప్రశ్న: థీసిస్‌లో నేను ఉదహరించిన పేపరు ప్రతి పేజీ మీదా ఇప్పుడు ‘రిట్రాక్టెడ్’ (జర్నల్ వెనక్కి తీసుకుంది) అని అడ్డంగా ముద్ర ఉంది సార్. తప్పయితే తీసేయొచ్చుగా?
– పరిశోధక విద్యార్థిని, తార్నాక

జవాబు: మాయం చేస్తే, దాన్ని నమ్మి రాసిన మీకు సంగతి తెలిసేదెలాగమ్మా? ముందు పక్కనున్న నోటీసు చదవండి. పొరపాటా, మోసమా అన్నది అక్కడ ఉండాలి (కొన్ని జర్నళ్లు రెండు ముక్కల్లో దాటేస్తాయి, అదో చిరాకు). చిన్న తప్పయితే సవరణతో సరిపెడతారు. విచారణ సాధారణంగా రచయిత పనిచేసే సంస్థే చేయాలి. ఎడిటర్ వెళ్లి ల్యాబ్ నోటుపుస్తకాలు తిరగెయ్యలేడు కదా! అందుకే ఏళ్లూపూళ్లూ పడుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపరును వైద్య జర్నల్ లాన్సెట్ పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. మీ వాదనంతా ఆ పేపరు మీదే నిలబడితే గైడుతో మాట్లాడి ఆ అధ్యాయం తిరగరాయండి. పేరుకు ప్రస్తావించిందే అయితే కొట్టేయండి.