మా కోడలి పూర్వీకుల జాడ దొరుకుతుందా?

ప్రశ్న: మా కోడలిది అమెరికాలోని యూటా. వాళ్ల పూర్వీకులు మార్మన్ పయనీర్లట, అంటే మార్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన తొలి వలసదారులట, బండ్ల వెంట నడిచి వచ్చారట. వాళ్ల సమాధులు, పాత పొలాలు వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు రికార్డులు చూడండి, సమాధుల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు. మొదటి గుంపు యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేరింది 1847 జూలైలో, ఖండం దాటే రైలుమార్గం పూర్తయింది 1869లో. ఆ మధ్య వచ్చిన చాలామంది పేర్లు, ఏ గుంపుతో వచ్చారో సహా, మార్మన్ చర్చి డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్ కూడా ఉచితమే, కానీ అక్కడి వంశవృక్షాన్ని ఎవరైనా మార్చగలరు, అసలు కాగితం చూడకుండా నమ్మకండి.

సమాధిరాయి మనవళ్లు ఎప్పుడో పెట్టించిందైతే తేదీలు తప్పుండొచ్చు. 1856లో తోపుడుబండ్లతో వస్తూ మంచులో చిక్కుకుని పోయినవాళ్లలో చాలామందికి విడి సమాధే లేదు, పాపం.

నాకైతే అన్నిటికన్నా విలువైనది హోమ్‌స్టెడ్ ఫైలు, అంటే సాగు చేసుకునేవాళ్లకు ప్రభుత్వం భూమి ఇచ్చిన పథకం కాగితాలు. హోమ్‌స్టెడ్ చట్టం 1862దే అయినా యూటాలో భూముల ఆఫీసు తెరిచింది 1869లో, అంతకుముందు పట్టా దొరకలేదని టెన్షన్ పడకండి. ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేశామని సాక్షులతో రుజువు చేయాలి కాబట్టి ఇల్లు ఎంత, ఎన్ని ఎకరాలు దున్నారు, కంచె ఎక్కడిదాకా వేశారు లాంటివి అందులో కనిపిస్తాయి. సాక్షుల పేర్లు వదలొద్దు, వాళ్లు తరచూ పొరుగువాళ్లే, ఒక్కోసారి చుట్టాలు కూడా. పూర్తి ఫైలు అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు ఉండే నేషనల్ ఆర్కైవ్స్‌లో అడగండి. పొలం ఇప్పుడు వేరేవాళ్లదైతే అనుమతి తీసుకునే అడుగుపెట్టండి.