ఇది లాంగ్ టర్మ్ కోచింగ్ కాదు చెల్లెమ్మా

టెక్సస్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"అన్నయ్యగారూ, మా అబ్బాయి పోయిన ఏడాది మెడికల్ స్కూళ్లకి అప్లై చేశాడు. ఎమ్‌క్యాట్ ప్రవేశ పరీక్షలో 515, జీపీఏ (కాలేజీ మార్కుల సగటు) 3.8. ఇరవై రెండు స్కూళ్లకి పెడితే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. మాకు గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లే అయింది, ఇక్కడి పద్ధతులు సరిగ్గా తెలియవు. ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెట్టి ఎమ్‌క్యాట్ మళ్లీ రాయిద్దామని మావారు అంటున్నారు. కరీబియన్ దీవుల్లోని మెడికల్ స్కూలుకి పంపమని ఇంకొకరు. చుట్టాలు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియక ఎత్తడం మానేశాను."

చెల్లెమ్మా, ముందుగా బావగారిని ఆ ఎమ్‌క్యాట్ జోలికి పోవద్దనండి. ఆయన్ని తప్పుపట్టడం లేదు. మనం చూసి పెరిగిన లెక్క అదే. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్‌లో వేసేవాళ్లు. విజయవాడలో ఏదో ఒక హాస్టల్లో ఏడాదంతా అవే పుస్తకాలు, అవే బిట్లు. ర్యాంకు వచ్చిందా, సీటు వచ్చినట్టే. ఇప్పుడు నీట్ వచ్చినా అక్కడ లెక్క మారలేదు. ఆ లెక్క పట్టుకుని ఇక్కడికొస్తే పిల్లాడికి ఏడాది పోతుంది, మనకి డబ్బు పోతుంది.

ఎమ్‌క్యాట్ స్కోరు 472 నుంచి 528 మధ్య ఉంటుంది. ఎండీ (ఇక్కడ డాక్టరు చదువుకి ఇచ్చే మామూలు డిగ్రీ) స్కూళ్లలో చేరినవాళ్ల సగటు 511, 512 దగ్గర తేలుతుంది. వాళ్ల జీపీఏ సగటు 3.8కి అటూ ఇటూ. అంటే మీవాడి అంకెలు బాగానే ఉన్నాయి. ఏటా 50 వేలకు పైగా అప్లై చేస్తే చేరేది 23 వేల మంది దాకా. సగానికి పైగా ఉత్త చేతులతో వెనక్కొస్తారు, అందులో మీవాడిలాంటి అంకెలున్న పిల్లలూ ఉంటారు. పైగా రాసిన ప్రతిసారి స్కోరూ స్కూళ్లకి కనబడుతుంది. 515 వచ్చిన కుర్రాడు రెండోసారి 511 తెచ్చుకుంటే దానికి సంజాయిషీ రాయడానికే ఇంకో వ్యాసం కావాలి. నాలుగు సెక్షన్లలో ఏదో ఒకటి, ముఖ్యంగా ఆ చదివి అర్థం చేసుకునే కార్స్ సెక్షన్, బాగా దెబ్బతిని ఉంటే అది వేరే సంగతి. స్కోరుకి గడువు కూడా ఉంటుంది. చాలా స్కూళ్లు రెండు మూడేళ్లు దాటిన స్కోరు తీసుకోవు. ఆ తేదీ మాత్రం చూసుకోండి.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పులన్నీ మా ఇంట్లో చేసి ఉన్నాం కాబట్టి.

మా అమ్మాయి మొదటిసారి అప్లై చేసినప్పుడు 514. ఒహాయోలో ఉంటాం. ఎస్సే ఇంకా మెరుగుపెట్టాలి, ఇంకా మెరుగుపెట్టాలి అని జులై అంతా, ఆగస్టు అంతా దాన్ని చుట్టూ తిప్పింది నేనే. చివరికి సెప్టెంబరులో సబ్మిట్ చేసింది. ఇక్కడ అడ్మిషన్లు మన ఊరి బస్సులో కిటికీలోంచి రుమాలు వేసినట్టు జరుగుతాయి. ఆమ్‌కాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ ఫారం మేలో తెరుస్తారు, మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపనిస్తారు. ట్రాన్స్క్రిప్టులు సరిచూడటానికి రద్దీ రోజుల్లో వారాలు పడుతుంది. ఆ తర్వాత ఒక్కో స్కూలూ సెకండరీ అని ఇంకో దఫా ప్రశ్నలు పంపుతుంది. మనం సెకండరీలు రాస్తున్న సమయానికి ముందొచ్చినవాళ్లకి ఇంటర్వ్యూలు మొదలైపోతాయి. మా అమ్మాయి వెళ్లేసరికి బస్సులో రుమాలు వేయడానికి చోటు లేదు.

అయినా ఆలస్యం ఒక్కటే కారణం అనుకుని ఉంటే రెండో ఏడాదీ పోయేది. ఒక స్కూలువాళ్లు రిజెక్ట్ అయినవాళ్లు అడిగితే ఫోన్లో పావుగంట మాట్లాడతారని తెలిసింది. అన్ని చోట్లా ఈ సౌకర్యం ఉండదు గానీ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంది, నేను కూర తరుగుతున్నట్టు నటిస్తూ వింటున్నాను. అవతలి ఆవిడ చాలా మర్యాదగా అన్న మాట ఇది: "ల్యాబులో రెండేళ్లు చేశారు, చాలా బాగుంది. రోగుల దగ్గర ఎప్పుడున్నారు?" మా అమ్మాయి దగ్గర దానికి జవాబు నలభై గంటలు. అదీ మాకు తెలిసిన తెలుగు కార్డియాలజిస్టు వెనకాల నిలబడి చూసినవి. ఎస్సే తెనాలిలో తాతగారి గుండెపోటుతో మొదలై, అందుకే డాక్టరు కావాలనుకున్నాను అని ముగుస్తుంది. మన పిల్లల ఎస్సేల్లో తాతగార్లకి గుండెపోటు వచ్చినంతగా ఇంకెక్కడా రాదేమో!

ఆ ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తనే తేల్చుకుంది. ఒహాయోలో 75 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతే నర్సింగ్ ఎయిడ్‌గా చేరొచ్చు. ఒక వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలో చేరింది. దుప్పట్లు మార్చడం, పక్క మీద అటూ ఇటూ తిప్పడం, బెడ్‌పాన్లు, డైపర్లు. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. "డాక్టరు చదవాలంటే ముందు ఆయా పని చెయ్యాలా?" అని మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకూ లోపల అదే బాధ, పైకి అనలేదు అంతే. అక్కడ మతిమరుపు వచ్చిన ఒక పెద్దావిడ ఉండేదట, ఒకప్పుడు టీచరు. తెల్లవారుజామున మూడింటికి లేచి కోటు వేసుకుని, స్కూలు బస్సు వచ్చిందా అని అడిగేది. రాలేదంటే ఏడుపు. వచ్చి వెళ్లిపోయిందంటే ఇంకా ఏడుపు. ఒక రాత్రి మా అమ్మాయి, బస్సు ఇంకో పది నిమిషాల్లో వస్తుంది, కూర్చుందాం అని పక్కన కుర్చీ వేసుకుందట. ఆవిడ పది నిమిషాల్లో కూర్చున్నచోటే నిద్రపోయింది. తర్వాత రోజూ అదే.

రెండోసారి రాసిన ఎస్సేలో తాతగారు లేరు, ఆ కోటు ఉంది. జూన్ మొదటి వారంలో పంపింది. నాలుగు ఇంటర్వ్యూలు, రెండు సీట్లు. ఎమ్‌క్యాట్ అదే 514.

ఇక మీవాడి సంగతి. నాకు అతని ఫారం కనబడలేదు కాబట్టి మీరు దగ్గర కూర్చుని అడగాల్సినవి చెబుతాను. రోగుల దగ్గర స్వయంగా పని చేసినది ఎంత, పక్కన నిలబడి చూసినది ఎంత? రెండూ ఒకటి కాదు. ఇన్ని గంటలు ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఎమర్జెన్సీ రూంలో డాక్టరు చెప్పేది రాసిపెట్టే స్క్రైబ్‌గానో, అంబులెన్సులో అత్యవసర సాయం చేసే ఈఎమ్‌టీగానో, క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గానో ఏడాది చేసినవాడు రాసే నాలుగు వాక్యాలకీ, వారం రోజులు మామయ్య క్లినిక్‌లో కూర్చున్నవాడు రాసే నాలుగు పేజీలకీ తేడా వాళ్లకి ఇట్టే తెలుస్తుంది. ఇండియా వెళ్లినప్పుడు బాబాయి నర్సింగ్ హోంలో కుట్లు వేశానని, ఇంజెక్షన్లు చేశానని గొప్పగా రాసి ఉంటే అది తీయించేయండి. మనకది అనుభవం. ఇక్కడి కమిటీకి అది శిక్షణ లేని కుర్రాడు రోగి మీద ప్రయోగం చేయడం.

తర్వాత ఆ ఇరవై రెండు పేర్ల లిస్టు. పేరున్న స్కూళ్లన్నీ వరసగా రాసేశాడని నా అనుమానం. బయటి రాష్ట్రాల ప్రభుత్వ స్కూళ్లు చాలావరకు సొంత రాష్ట్రం పిల్లలకే సీట్లిస్తాయి, అక్కడ మీరు కట్టిన ఫీజు చందా కిందే లెక్క. ఏ స్కూలు బయటివాళ్లని ఎంతమందిని పిలిచింది, చేరినవాళ్ల స్కోర్లు ఏ మేరకు ఉన్నాయి అన్నది ఏఏఎమ్‌సీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వారి ఎమ్‌సార్ అనే డేటాబేసులో దొరుకుతుంది. దానికి కట్టే చందా ఒక సెకండరీ ఫీజు కన్నా తక్కువే. అసలు మీరుండేది టెక్సస్. అక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు టెక్సస్ వాసులకే ఇవ్వాలని చట్టం. వాటికి ఫారం వేరు, టీఎమ్‌డీశాస్ అంటారు. ఎన్ని స్కూళ్లకి పెట్టినా ఫీజు ఒకటే. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. అది పెట్టకుండా ఆమ్‌కాస్ ఒక్కటే పెట్టి ఉంటే ఇంటి ముందు బావి వదిలేసి పొరుగూరు చెరువుకి బిందె పట్టుకెళ్లినట్టే. హైస్కూల్లో డ్యూయల్ క్రెడిట్ కోర్సులు తీసుకుని ఉంటే ఆ కాలేజీ ట్రాన్స్క్రిప్టులు కూడా పంపాలి. ఆ మార్కులూ జీపీఏలో కలుస్తాయి. పదకొండో తరగతిలో తెచ్చుకున్న సీ గ్రేడు ఇక్కడ బయటపడి ఏడిపించిన ఇళ్లు నాకు తెలుసు.

డీవో (ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ) స్కూళ్లకి పెట్టారా? మనవాళ్లు డీవో అంటే అదేదో నాటువైద్యం అన్నట్టు ముఖం పెడతారు. డీవోలు యాభై రాష్ట్రాల్లోనూ పూర్తి స్థాయి డాక్టర్లే. 2020 నుంచి ఎండీలకీ డీవోలకీ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) వ్యవస్థ కూడా ఒకటే అయింది. కరీబియన్ మాట ఎత్తేముందు ఈ తలుపు తట్టాలి. కరీబియన్‌లో చదివి ఇక్కడ చక్కగా ప్రాక్టీసు చేస్తున్నవాళ్లు నాకూ తెలుసు, కానీ చేరినవాళ్లందరూ బయటపడరు, బయటపడినవాళ్లందరికీ కోరుకున్న రెసిడెన్సీ రాదు. ఇదివరకు స్టెప్ 1 అనే లైసెన్సు పరీక్షలో గొప్ప స్కోరు తెచ్చి నిలబడేవాళ్లు. 2022 జనవరి నుంచి అది పాస్, ఫెయిల్ మాత్రమే. డబ్బు సంగతీ మారింది. 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్లు లేవు. మెడికల్ విద్యార్థికి ప్రభుత్వ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు మించదు. పైది మీరు తేవాలి, లేదా ప్రైవేటు బ్యాంకు తేవాలి.

ఇదే చదువుతున్న హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) పిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట. గ్రీన్ కార్డు లేనివాళ్లని చాలా స్కూళ్లు అసలు చూడవు. చూసే కొన్నింటిలోనూ కొన్ని ఏళ్ల ఫీజు ముందే చూపించమనేవి ఉన్నాయి. మీ పిల్లలకి అంకెలు చూసుకునే ముందు ఆ లిస్టు చూసుకోవాలి.

మళ్లీ ఎప్పుడు పెట్టాలి అన్నది అసలు ప్రశ్న. స్కూళ్ల నుంచి జవాబులు ఆఖరయ్యేసరికి వసంతం వచ్చేస్తుంది, జూన్ నెత్తి మీదుంటుంది. ఆ రెండు నెలల్లో మీవాడి చేతికి కొత్తగా వచ్చేదేమీ లేదు. పాత ఎస్సే పక్కనే కొత్త ఎస్సే పెట్టి చూడగలరు వాళ్లు. పోయినసారి కన్నా ఏం బాగుపడ్డావు అని చాలా స్కూళ్లు సెకండరీలో సూటిగా అడుగుతాయి. అందుకని ఈ జూన్ వదిలేయమంటాను. బావగారికి మింగుడు పడదని తెలుసు, నాకూ పడలేదు. ఈ ఏడాది పని చేయనివ్వండి, పైనున్న నర్సు నుంచో డాక్టరు నుంచో కొత్తగా ఒక సిఫారసు ఉత్తరం తెచ్చుకోనివ్వండి. వచ్చే జూన్ మొదటి వారంలో రెండు ఫారాలూ, అవసరమైతే డీవో ఫారమూ ఒకేసారి వెళ్లిపోవాలి. సెకండరీలు వచ్చిన రెండు వారాల్లోపు తిరిగి పంపాలి. ఆ ప్రశ్నలు ఏటా పెద్దగా మారవు కాబట్టి మే నెలలోనే చిత్తు ప్రతులు రాసి ఉంచుకోవచ్చు.

చుట్టాల ఫోన్లు ఎత్తండి. ఏం చేస్తున్నాడని అడిగితే హాస్పిటల్లో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పండి. ఏ ఉద్యోగం అని మళ్లీ అడిగితే, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు, లేచాక చేయిస్తానని పెట్టేయండి.