నాయన శృతి

ప్రశ్న: సంగీతం మీ ఆలోచనా తీరుని మార్చిన సందర్భం ఏదైనా ఉందా? సొంతవాళ్ళు పోయినప్పుడు పాట ఏమైనా ఆసరా అయ్యిందా?

ఉంది. ఒక్క రాత్రి జరిగింది, దాని గురించే రాస్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

మాది కడప జిల్లా, మైదుకూరు దగ్గర చిన్న పల్లె. మా నాయన పగలు సేద్యం, రాత్రయితే హార్మోనియం. బ్రహ్మంగారి తత్వాలు పాడడంలో చుట్టుపక్కల ఊర్లల్లో ఆయనకి పేరు, ప్రతి ఏడూ వైశాఖ శుద్ధ దశమికి కందిమల్లాయపల్లె మఠంలో ఆరాధనకి పోయేవాడు, నన్నూ బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. తత్వానికి పెద్ద రాగాలాపన ఏమీ ఉండదు, ఒకరు ముందు ఒక వరస అంటారు, మిగతావాళ్ళు వంత పాడతారు, తాళాలు మోగుతుంటాయి, అంతే. కానీ నాయన నాలుగు శృతిలో, అంటే బాగా పై ఎత్తులో, ఎత్తుకుని పై షడ్జం (పై "స") దాటి పోతుంటే నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

ఆయనకి ఒక బాధ ఉండేది. ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియంని బ్యాన్ చేసింది కదా, గమకాలు పలకవు, మన సంగీతానికి పనికిరాదు అని, 1971 దాకా అట్లనే నడిచింది. పల్లెల్లో నాటకాలూ భజనలూ మొత్తం ఈ పెట్టె మీదే నడుస్తుంటే (సురభి నాటకాలు పుట్టింది కూడా మా జిల్లాలోనే, సురభి అనే ఊళ్ళో, 1885లో) దాన్ని గడప తొక్కనీయలేదే అని ఎన్నిసార్లు అన్నాడో. "వాయిద్యానికి కులముంటాదా?" అనేవాడు.

మా ఊర్లో పలక (డప్పు) కొట్టే ఆయన ఒకాయన ఉన్నాడు, నాయన కంటే పెద్దవాడు. చిన్నప్పటినుంచి నేను ఆయన్ని "వాడు" అనే అన్నా, మా ఇంట్లో అందరూ అంతే. జాతరయినా పెళ్ళయినా సావయినా ఆయన రావాల్సిందే, కానీ మా వసారా మెట్టు ఎక్కింది నేను చూడలేదు. ఆయన గ్లాసు గొడ్ల కొట్టం గూట్లో ఉండేది. బ్రహ్మంగారి శిష్యుల్లో సిద్ధయ్య దూదేకుల ఇంటి పిల్లోడు, కక్కయ్య మాదిగాయన, ఆ కథలన్నీ నాకు చెప్పింది నాయనే. ఆ నోటితోనే "వానికి కొట్టం కాడ పెట్టు" అనేవాడు. నాయన చెడ్డవాడు కాదు, చాలా మంచివాడు, అందుకే ఇది తల్చుకుంటే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

2018 మాఘమాసంలో నాయన నిద్రలోనే పోయాడు. నేను బెంగళూరు నుంచి వచ్చేసరికి రాత్రి పది దాటింది. వసారాలో పడుకోబెట్టారు, భజన వాళ్ళు చుట్టూ కూర్చున్నారు. అలవాటు కొద్దీ పెట్టెని నాలుగుకే పెట్టి మొదలుపెట్టారు, వంత పాడేవాళ్ళు అందరూ ఉన్నారు, ముందు పాడే మనిషే లేడు. ఒకాయన ఎత్తుకున్నాడు, రెండో చరణంలో గొంతు అందలా. ఇంకొకాయన ఎత్తుకున్నాడు, ఆయనకీ అందలా. శృతి తగ్గిద్దాం అనడానికి ఎవరికీ నోరు రాలేదు, పెట్టె ఒక్కటే మోగుతా ఉంది.

అప్పుడు వీధిలోంచి ఆ చరణం వినపడింది, అదే శృతిలో. మంచుకి పలక తోలు వదులయిపోతుంది, అందుకని మాటిమాటికీ గడ్డి మంటేసి కాకబెడుతుంటారు. ఆయన ఆ మంట దగ్గర గొంతుకూర్చుని, పలకని తిప్పుకుంటా, మా వైపు చూడకుండా పాడతా ఉన్నాడు. ఒక్క మాట తప్పు పోలేదు, నాయన ఎక్కడ సాగదీసేవాడో అక్కడే సాగదీశాడు. లోపలున్నవాళ్ళు వంత అందుకున్నారు. తెల్లారేదాకా అట్లనే, ముందు పాట వీధిలోంచి, వంత వసారాలోంచి.

ఒక్కరూ ఆయన్ని లోపలికి రమ్మనలేదు. నేనూ అనలేదు. ఆ ఆలోచన రాలేదు అని చెప్పలేను, వచ్చింది, మా చిన్నాయన మొహం చూసి ఊరుకున్నా.

పొద్దున పాడె లేచినప్పుడు పలక దెబ్బ మారింది. అంతవరకు నాకు అది సావు చప్పుడు, అంతే. ఆ రోజు ముందర ఆయన, వెనక నిప్పుకుండ పట్టుకుని నేను, అప్పుడు విన్నా. లావు సిర్ర బరువుగా ఒక్కో దెబ్బ, సన్న పుల్ల గబగబా, పాడె మోసేవాళ్ళ అడుగు దాన్ని బట్టే పడుతుంది. దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించగానే పూర్తిగా ఆపేశాడు. చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. "నాయనా" అని పిలిచా, ఊరంతటికీ నా గొంతొక్కటే వినపడింది.

దినాలయ్యాక ఆయన ఇంటికి పోయి అడిగా, ఎప్పుడు నేర్చుకున్నావని. "మీ నాయన పాడతాంటే గోడవతల కూచోని నేర్చుకుంటి సామీ, ఎవురూ నేర్పలా" అన్నాడు. ఆ గోడెక్కి నేను జామకాయలు కోసేవాణ్ణి.

సంగీతం మనుషుల్ని కలుపుతుంది అంటారు, నేనూ అనేవాణ్ణి. మా ఇంట్లో పాట ఎన్నో ఏళ్ళు రోజూ గోడ దాటింది, మనిషి దాటలేదు, పాడినవాళ్ళం మాత్రం గొప్ప మాట పాడుతున్నాం అని తృప్తిపడ్డాం.

సంవత్సరీకానికి నేనే పోయి, "పెదనాయనా, మీరొచ్చి ముందు పాడాల" అని పిలిచా. ఆయన వచ్చాడు. ఇద్దరు చుట్టాలు తినకుండా లేచిపోయారు, అమ్మ ఆపలేదు. వసారా ఎక్కి స్తంభం పక్కనే కూర్చున్నాడు, ఇంకా లోపలికి రమ్మంటే వద్దన్నాడు, నేను బలవంతం చేయలేదు. పెట్టె వాయించే పిల్లోడు ఎంతకి పెట్టాలని అడిగితే, నోరు తెరవకుండా నాలుగు వేళ్ళు చూపించాడు.