ఆ గొయ్యిని దాటేసి రాయకు

తమ్ముడూ, వందనాలు.

నువ్వు రాసి పంపిన జడ్సన్ జీవితకథ, అదే బర్మా వెళ్లిన అమెరికన్ మిషనరీ కథ, రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా చదివించావు, అదేమీ చిన్న విషయం కాదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, అక్కడే నీతో నా పేచీ మొదలైంది. పదహారో పేజీ చివర ఆయన భార్య ఆన్ చనిపోయింది. పదిహేడో పేజీ మొదటి లైన్లోనే "అయినా ఆయన విశ్వాసం చెక్కుచెదరలేదు" అని రాసేసి, 1834లో బర్మా భాషలో బైబిల్ అనువాదం పూర్తయిందని సంబరంలోకి వెళ్లిపోయావు. ఆన్ పోయింది 1826 అక్టోబరులో కదా, మధ్యలో ఏడేళ్ల పైచిలుకు ఏమైనట్టు?

కోపం తెచ్చుకోకు, నేనూ ఇదే పని చేసినవాణ్ణి. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఓ చిన్న పత్రికకి ఆయన గురించే రాశాను. భార్య పోయాక ఆయన అడవిలో గొయ్యి తవ్వుకున్న సంగతి నా రాతప్రతిలో ఉంది. ఎడిటర్ గారు "ఇది చదివితే విశ్వాసులు బలహీనపడతారు, తీసేద్దాం" అన్నారు, నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా కూడా అనిపించింది, ఎందుకంటే ఆ భాగం నాకు సరిగ్గా కుదరలేదు. పత్రిక వచ్చిన కొన్నాళ్లకి ఒక పెద్దావిడ, భర్త సువార్తికుడిగా పనిచేసి చనిపోయారు, నాతో అన్నమాట ఇది: "బాబూ, నువ్వు రాసిన ఆ మనిషిని చూస్తే నాకు భయమేసింది. మా ఆయన పోయాక ఆరు నెలలు మోకాళ్ల మీద కూర్చుంటే ఒక్క మాట రాలేదు నాకు. నాది అసలు విశ్వాసమేనా అనిపించింది." ఎవరు బలహీనపడతారని ఆ భాగం తీసేశామో, తీసేయడం వల్లే ఆవిడ బలహీనపడింది.

కాబట్టి ఆ ఏడేళ్లూ రాయి. ఏం జరిగిందో నీకు తెలుసు, నీ నోట్సులో ఉండే ఉంటుంది. భార్య చనిపోయినప్పుడు ఆయన పక్కన లేడు, పని మీద బర్మా రాజధాని ఆవాలో ఉన్నాడు. ఆర్నెల్లకి, 1827 ఏప్రిల్‌లో, వాళ్ల చిన్నారి కూతురు మరియ కూడా పోయింది. ఆయన మనుషుల్లోంచి తప్పుకున్నాడు, అమెరికాలో తనకిచ్చిన గౌరవ డాక్టరేటు వద్దన్నాడు, తన పాత ఉత్తరాలు నాశనం చేయించాడు, అడవిలో గుడిసె వేసుకున్నాడు, గొయ్యి తవ్వి దాని పక్కన కూర్చుని తన శరీరం కుళ్లిపోవడాన్ని ఊహించుకున్నాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ కనుక్కోలేకపోతున్నాను అని ఆన్ మూడో వర్ధంతి రోజున రాసుకున్నాడు. ఈ మాట నీ కథలో లేకపోతే 1834 ఉండి ఏం లాభం? అనువాదం చేసింది వేరే మనిషి కాదు, ఆ గొయ్యి పక్కన కూర్చున్నవాడే. ఒక్క రాత్రిలో తేరుకోలేదు, మెల్లగా లేచాడు, తర్వాత గదిలో కూర్చుని రోజుకి పాతిక ముప్పై వచనాల చొప్పున హీబ్రూలోంచి బర్మా భాషలోకి తెచ్చుకుంటూ పోయాడు. స్థిరత్వం అంటే నాకు కనపడేది ఆ పాతిక వచనాల్లోనే, "చెక్కుచెదరలేదు" అన్న మాటలో కాదు. ఆయన చెదిరాడు. చెదిరిన చోట నుంచే పని చేశాడు.

ఇలా రాస్తే దేవునికి అవమానమేమో అని టెన్షన్ పడకు. బైబిలే అలా భయపడలేదు. ఎనభై ఎనిమిదో కీర్తన తీసి చూడు, చీకటి అన్న మాట దగ్గర ఆగిపోతుంది, తర్వాత ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. పౌలు కొరింథీయులకి రెండో పత్రిక మొదట్లోనే, బతుకుతామన్న నమ్మకం కూడా పోయింది అని ఒప్పుకున్నాడు.

ఇక ఎదురుచూపు. రంగూన్‌లో దిగింది 1813 జూలైలో, మొదటి బాప్తిస్మం 1819 జూన్‌లో, మాంగ్ నౌకి. దీన్ని నువ్వు "ఆరేళ్ల తర్వాత" అని రెండు మాటల్లో దాటేశావు. రోజుకి పన్నెండు గంటలు ఒక గురువు ముందు కూర్చుని భాష నేర్చుకోవడం, ఎనిమిది నెలల కొడుకుని పాతిపెట్టి మళ్లీ అదే బల్ల దగ్గరికి వచ్చి కూర్చోవడం, స్వదేశానికి రాసే ఉత్తరంలో చెప్పుకోడానికి ఏమీ లేకపోవడం. మిషనరీ జీవితంలో ఎక్కువ భాగం ఇదే. ఆయన ఆవాలో ఖైదీగా ఉన్న జైలు కథ రాయడం దీనికన్నా తేలిక, జైల్లో సంకెళ్లున్నాయి, వెదురు గడకి కాళ్లు కట్టి పైకెత్తడం ఉంది, చదివేవాడు తనంతట తానే కదిలిపోతాడు. ఏమీ జరగని ఆరేళ్లని చదివించగలిగితే రచయితవి అయినట్టే. పేజీలు నింపమని కాదు, ఒక్క రోజు తీసుకో చాలు.

జైలు దగ్గర ఇంకో మాట. నువ్వు ఆవా అధికారుల్ని ఊరికే క్రూరులుగా చూపించావు. క్రూరత్వం ఉంది, కాదనను. కానీ 1824లో ఇంగ్లిషువాళ్లతో యుద్ధం వచ్చింది, జడ్సన్‌కి వచ్చే డబ్బు ఒక ఇంగ్లిషు వ్యాపారి చేతుల మీదుగా వచ్చేది, తెల్లవాడు అమెరికనో ఇంగ్లిషువాడో వాళ్లకి తేడా తెలియదు, గూఢచారి అనుకున్నారు. ఈ కారణం చెబితే ఆయన బాధ తగ్గిపోదు, ఎదుటివాళ్లు మాత్రం మనుషులవుతారు. సువార్త ఎవరి కోసం వెళ్లిందో వాళ్లనే రాక్షసులుగా రాస్తే ఇక ఆయన అక్కడ ఎందుకున్నట్టు?

ఆ దిండు కథ బాగా రాశావు. కొత్త నిబంధన రాతప్రతిని ఆన్ ముందు భూమిలో పాతిపెట్టడం, వానలకి పాడవుతుందని గట్టి దిండులో కుట్టి జైలుకి పంపడం, తర్వాత దోపిడీలో అది ఎక్కడో పడిపోవడం. కానీ దాన్ని ఏరి దాచినవాడి పేరేది? "ఒక స్థానిక విశ్వాసి" అని రాశావు. అతని పేరు మాంగ్ ఇంగ్, పుస్తకాల్లో ఉంది. లోపల ఏముందో తెలియకుండా, గురువుగారి గుర్తుగా తీసుకెళ్లాడు. మిషనరీల కథలు రాసేటప్పుడు వచ్చినవాళ్లకి పేర్లుంటాయి, అక్కడివాళ్లు "ఒక స్థానికుడు" అయిపోతారు. పేరు దొరికినప్పుడల్లా రాయి.

తర్వాత మన దేశానికొచ్చిన ఇంగ్లిషు మిషనరీ విలియం కేరీ గురించి రాస్తానన్నావు కదా, సంతోషం. అక్కడ నీకు ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఉంది, ఆయన భార్య డొరోతీ. ఆవిడకి మొదట రావడమే ఇష్టం లేదు. వచ్చిన మరుసటి ఏడాదే, 1794లో, అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు, ఆవిడ మనసు చెదిరింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. కేరీ పక్క గదిలో అనువాదం చేసుకుంటూనే ఉన్నాడు. దీన్ని ఆయన త్యాగంగా మాత్రమే రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. త్యాగం చేసింది ఎవరు, చేయించబడింది ఎవరు అన్న ప్రశ్నని వదిలేయకు, జవాబు నువ్వు చెప్పక్కర్లేదు. శ్రీరాంపూర్‌లో కేరీ వాళ్ల అచ్చుకూటం 1812 మార్చిలో తగలబడిన కథ అందరూ రాస్తారు, నువ్వూ రాయి, కాలిపోయిన వాటిలో తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఉందని, మళ్లీ రాసి 1814లో అచ్చు వేశారని చెప్పడం మర్చిపోకు. మన భాష కదా, ఆ స్వార్థం నాకుంది.

చివరగా భాష. "దేవుడు బలంగా వాడుకున్నాడు" నీ ముప్పై పేజీల్లో పదకొండు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. వేదిక మీద ఆ మాట సరిపోతుంది, కాగితం మీద మాత్రం ఎలా వాడుకున్నాడో చూపించాలి. 1900లో చైనాలో బాక్సర్ల తిరుగుబాటప్పుడు మిషనరీ హడ్సన్ టేలర్ స్థాపించిన మిషన్‌లో 58 మంది పెద్దవాళ్లు, 21 మంది పిల్లలు చనిపోయారు. నష్టపరిహారం ఇస్తామన్నా ఆయన వద్దన్నాడు. ఈ రెండు వాక్యాల పక్కన "గొప్ప ప్రేమ చూపాడు" అని రాయాల్సిన అవసరం ఉందంటావా?

పదహారో పేజీ దాకా ముట్టుకోవద్దు, బాగుంది. పదిహేడో పేజీ చింపేసి, 1826 నుంచి 1834 దాకా మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు, రెండు నెలలైనా ఫర్వాలేదు. ఆ గొయ్యి దగ్గర నీకూ మాట రాకపోతే, రాలేదని రాసి పంపు, అదీ చదువుతాను.

నీ అన్న